మణికట్టు నొప్పి

బాయిలరు నోట్లో రెండో తట్ట బొగ్గు గుమ్మరించి, ఇనప తలుపును మోకాలితో నెట్టి మూసింది షూచిన్. మసి చేతులతో తలుపు ముట్టుకుంటే తరవాత తలుపు తుడవాలి, తుడిచిన గుడ్డ ఉతకాలి. అందుకని పంతొమ్మిదేళ్లుగా ఆ తలుపు మూసేది మోకాలే. మోకాలి ఎత్తున రంగు లేచిపోయి, అరచెయ్యంత మేర ఇనుము మెరుస్తూ ఉంటుంది.

మా ఉత్తర వీధిలో మగవాళ్ల మసీదు పెద్దది, ఆడవాళ్ల మసీదు చిన్నది. చిన్నదైనా అందులో మాకు మేమే. నమాజు చేయించే ఆహోంగ్ ఆడమనిషి, పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ ఆవిడే, అందరం అమ్మా అని పిలిచేదీ ఆవిడనే. వాకిలి దాటగానే ఎడం పక్క నీళ్లగది. నమాజుకు వచ్చే ఆడవాళ్లందరూ ముందు అక్కడికే వచ్చి చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుని వజూ చేసుకోవాలి. శీతాకాలం నది మీంచి వచ్చే గాలికి చెవులు తెగిపోతున్నా, ఆ గదిలో అడుగు పెట్టగానే పైకోటు బొత్తాలు విప్పాల్సిందే. ఆ వెచ్చదనం షూచిన్ చేతి చలవ. ఆమెను తలుచుకునేవాళ్లు ముందుగా తలుచుకునేది అదే.

ఏభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి. అరచేతులు మగవాళ్లవిలా వెడల్పు. రోజంతా నీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. తడి గచ్చు మీద జారకుండా మడమల మీద బరువు వేసి నడవడం అలవాటై, పొడి వీధిలో కూడా అలాగే నడుస్తుంది. మొగుడు పోయాక మసీదు వాకిట్లోనే ఒక గది ఇచ్చారు. కూతురు దూరాన వేరే పట్నంలో కాపురం చేసుకుంటోంది. చెప్పుకోవడానికి ఆమె జీవితంలో ఇంకేమీ లేదని వీధి అభిప్రాయం.

గోడ పొడుగునా చెక్క అర మీద ముప్ఫై రెండు కొమ్ముచెంబులున్నాయి. ఒక్కోదాన్నీ దించి, వేడినీళ్లు సగం, చన్నీళ్లు సగం పోసి, మోచెయ్యి తగిలించి చూసి, మళ్లీ వరసలో పెడుతోంది. చెంబుల మీద పేర్లు రాసి లేవు. అయినా ఎవరి చెంబు వాళ్లకి తెలుసు. సొట్టపోయినది ఫెంగ్షియాది. కుక్క మీదికి విసిరితే పడిన సొట్ట అని ఆమె చెబుతుంది. ఆ ఇంట్లో ఎన్నడూ కుక్క లేదు, మొగుడు మాత్రం ఉన్నాడు.

"ఏంటక్కా, నీళ్లు కాగినట్టేనా, మమ్మల్ని గడ్డకట్టించి పంపిస్తావా?" అంటూ ఫెంగ్షియానే ముందు వచ్చింది. కూరల కొట్టు తెరిచే ముందు తొలి నమాజుకు వస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు కానీ మనసులో కల్మషం లేదు.

"కాగాయి. అరవకు, అమ్మ పడుకుని ఉంటుంది," అంది షూచిన్.

"పడుకోవడమా! నిన్నటి నుంచీ ఒక్కొక్కళ్లనీ పిలిపించి సెలవడుగుతోంది. నన్ను పిలిచి, చిన్నప్పుడు పాఠం రాలేదని నా చెవి మెలిపెట్టిందట, అది వదిలెయ్యమంది. నాకే గుర్తులేదు, ఆవిడకి గుర్తుంది చూడు. ఏడుపొచ్చేసింది నాకు." సొట్ట చెంబు అందుకుని పీట మీద కూర్చుంది. "నువ్వెళ్లావా?"

"ఇంకా లేదు."

"వెళ్లవే తల్లీ. ఇవాళో రేపో అన్నట్టుంది."

సెలవడగడం మావాళ్ల ఆచారం. తిరిగెళ్లే వేళ, అంటే పోయే వేళ, దగ్గరపడిందని తెలిశాక, ఆ మనిషి ఒక్కొక్కరినీ పిలిచి, నావల్ల నీకు ఏ తప్పు జరిగినా వదిలేసి సెలవియ్యమని అడుగుతుంది. వచ్చినవాళ్లూ ఆమెను అలాగే అడుగుతారు. ఇచ్చాను, ఇచ్చాను అనుకుంటారు. ఏం తప్పో పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. ఆ ఆచారంలో ఉన్న దయంతా అదే. కడుపులో ఏది దాచుకున్నవాళ్లయినా మూడు మాటల్లో తేలిపోవచ్చు.

షూచిన్ నిన్నటి నుంచి ఆ మూడు మాటలకే భయపడి తప్పించుకు తిరుగుతోంది. నిన్న సాయంత్రం గచ్చు రెండుసార్లు కడిగింది. అంతకుముందు, పై అరలో రెండు కట్టలుండగానే, సబ్బు అయిపోయిందని కొట్టుకు పోయి ఇంకో కట్ట తెచ్చింది.

ఆమె కడుపులో ఉన్నది ఇది. పన్నెండేళ్ల క్రితం, రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం, బాయిలరు దగ్గర చెమటలు కక్కుతూ, రోజా ఉపవాసం మాట మరిచిపోయి గ్లాసెడు మంచినీళ్లు తాగేసింది. మరిచిపోయి తాగితే దోషం లేదు. గుర్తొచ్చింది. గుర్తొచ్చాక, ఎందుకో తనకే తెలియదు, ఇంకో గ్లాసు ముంచుకుని నింపాదిగా తాగింది. తాగి, భయం కోసం ఎదురుచూసింది. రాలేదు. సాయంత్రం దాకా చూసింది, నెలాఖరు దాకా చూసింది. వచ్చిన భయమల్లా గ్లాసు అంచు తడిగా ఉండడం ఎవరైనా చూశారేమోనని. ఆ పండగనాడు వరసలో నిలబడి నుదురు నేలకు ఆనించినప్పుడు, తను మాట్లాడుతున్న చోట ఎవరూ లేరని ఆమెకు తెలిసిపోయింది. కష్టమేదో వచ్చి దేవుడి మీద అలిగింది కాదు. ఎవరో చెప్పి మార్చిందీ కాదు. ఉండేది, లేకుండా పోయింది, అంతే.

ఎవరితోనూ అనలేదు. అంటే ఏమవుతుంది? మసీదులో గది పోతుంది, పని పోతుంది, మొగుడి పక్కన ఆరడుగుల నేల పోతుంది. అవి పోయినా ఓర్చుకునేదేమో. ముప్ఫై రెండు చెంబుల ఆడవాళ్లు తనకేసి చూసే చూపు మారుతుందే, దానికి ఓర్చుకోలేదు. రోజుకు అయిదుసార్లు వరసలో నిలబడుతూ వచ్చింది. దేవుడి ముందు సిగ్గు పోయింది, మనుషుల ముందు సిగ్గు రెట్టింపయింది.

ఇంతటితో అయితే తన పాపం తనది. కానీ నీళ్లగది మనిషికి ఇంకో పని ఉంది. వీధిలో ఆడమనిషి తిరిగెళ్లిపోతే ఆ ఒంటిని కడిగేది ఆమే. ఒకరు పై నుంచి ధార తెగకుండా నీళ్లు పొయ్యాలి, ఒకరు చేతికి గుడ్డసంచి తొడుక్కుని తల నుంచి పాదాల దాకా మూడు చుట్లు కడగాలి. కడిగే చేతిలో నమ్మకం ఉండాలి. అది లేకపోతే ఎన్ని చెంబులు పోసినా వట్టి నీళ్లేనని మా వీధి అమ్మమ్మల కాలం నుంచీ నమ్మకం.

ఆ రంజాన్ దాటిన రెండు నెలలకు, వీధంతా మంచు కమ్ముకున్న రోజున, ఫెంగ్షియా తల్లి పోయింది. ఫెంగ్షియా ఏడ్చి ఏడ్చి స్పృహ తప్పింది. నీళ్లు పొయ్యడానికి ఒక ముసలమ్మ వచ్చింది. కడగడానికి షూచిన్ ఒక్కతే. అప్పటికి ఇంకా ఏ ఉపాయమూ తోచలేదు. మూడు చుట్లూ తనే కడిగింది. ఎంత శ్రద్ధగా కడిగిందంటే, కాలివేళ్ల సందుల్లో కూడా ఒక్కొక్కచోటా ఆగి కడిగింది. ఇవ్వాల్సింది చేతిలో లేదు కాబట్టి ఉన్నదంతా పెట్టింది. ఫెంగ్షియా తేరుకుని వచ్చి తల్లి మొహం చూసి, "నిద్రపోతున్నట్టుందక్కా, నీ చెయ్యి చల్లగుండ," అని ఆమె చేతులు కళ్లకద్దుకుంది. మా అమ్మను కడిగిన చేతికి బతికినంతకాలం నేనే నీళ్లు పోస్తానని, ఆనాటి నుంచి జోడుగా వస్తోంది.

ఆ కళ్లకద్దుకున్న చేతులతో షూచిన్ చాలా రాత్రులు నిద్రపోలేదు. తన మటుకు తనకు అక్కడ ఎవరూ లేరని గట్టిగా తెలుసు. ఫెంగ్షియా తల్లి విషయానికి వచ్చేసరికి ఆ గట్టితనం జారిపోతుంది. ఉంటే? ఉండి, ఆవిడను కడగని మనిషి కిందే లెక్కేస్తే? లేని దేవుడికి ఇంకొకరి తరఫున భయపడడం ఎంత వెర్రితనమో ఆమెకు తెలుసు. తెలిసినా భయం తగ్గలేదు.

ఆ తరవాత పోయినావిడ దగ్గర షూచిన్‌కు మణికట్టు నొప్పి పుట్టింది. రెండు చుట్లు కడిగి, "అబ్బా, చెయ్యి పట్టేసింది, ఈ చుట్టు నువ్వు కడుగు, నేను పోస్తాను," అని గుడ్డసంచి ఫెంగ్షియాకు తొడిగింది. ఫెంగ్షియా నమ్మకం గట్టిది. మొగుడి మీద చెంబు విసిరేముందు కూడా దేవుడి పేరు తలుచుకునే మనిషి. చివరి చుట్టు ఆ చేతిదైతే చాలు, కడుగు కడుగే. అలా పన్నెండేళ్లు, ఎవరు పోయినా, మూడో చుట్టుకు సరిగ్గా నొప్పి వచ్చింది. బొగ్గు తట్ట ఎత్తేటప్పుడు రాని నొప్పి.

ఆ నొప్పికి మందు కూడా దొరికింది. దింగ్ ఆహోంగ్, అందరూ అమ్మా అని పిలిచే ఆ పెద్దావిడ, ఏటా చలి మొదలవగానే షూచిన్‌కు ఒక మణికట్టు పట్టీ అల్లి ఇస్తుంది. పాత స్వెట్టరు ఊడదీసిన గోధుమరంగు ఉన్ని. పెట్టెలో పదకొండు పట్టీలున్నాయి. ఆవిడ కళ్లబడే చోటికి వెళ్లేటప్పుడు ఒకటి తొడుక్కుంటుంది. దురద పెడుతుంది.

మధ్యాహ్నం దాటాక ఆహోంగ్ కోడలు మేయ్‌రోంగ్ నీళ్లగది గుమ్మంలోకి వచ్చింది. "అత్తయ్య రమ్మంటోంది పిన్నీ. రాకపోతే తనే లేచి వస్తానంటోంది."

షూచిన్ చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. మేకుకు తగిలించిన పట్టీ తీసి కుడిచేతికి తొడుక్కుని, వాకిలి దాటి తూర్పు గదిలోకి వెళ్లింది.

ఎనభై ఒక్కేళ్ల దింగ్ ఆహోంగ్ బొంతల దొంతరకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. మొహం పిండి పూసినట్టు పాలిపోయింది, కాళ్లు ఉబ్బిపోయాయి. ముక్కు మీద కళ్లద్దాలు, చేతుల్లో అల్లిక పుల్లలు. పుల్లల మధ్య రెండు వేళ్ల వెడల్పు గోధుమరంగు పట్టీ వేలాడుతోంది. మేయ్‌రోంగ్ తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

"రావే పిల్లా. పొయ్యి ముందు దాక్కుంటే ఎవరూ పిలవరనుకున్నావా?"

"నీళ్లు కాగాలి కదమ్మా."

"నేను తిరిగెళ్లాక కూడా కాగుతాయిలే. ఇలా కూర్చో." నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. "పంతొమ్మిదేళ్లు నీచేత చాకిరీ చేయించుకున్నాను. ఒకసారి నీళ్లు చల్లగా ఉన్నాయని అందరి ముందూ కేకలేశాను. గుర్తులేనివి ఇంకెన్నున్నాయో. అన్నీ వదిలేసి సెలవియ్యి."

"ఇచ్చాను."

"ఇప్పుడు నువ్వడుగు."

షూచిన్ నోరు తెరిచింది. పట్టీ కింద దురద పెడుతున్న చోట గోక్కుంది.

"పేర్లు చెప్పక్కర్లేదే. ఏదైనా ఉంటే వదిలెయ్యమను, వదిలేస్తాను. ముసల్దాన్ని ఆయాసపెట్టకు." పుల్లలు ఆడిస్తూనే అంది. "ఇంకో మాట. నన్ను నువ్వే కడగాలి. మూడు చుట్లూ నువ్వే. మణికట్టు నొప్పంటూ చివరి చుట్టు ఫెంగ్షియా మీదికి తొయ్యకు. దానిది మోటు చెయ్యి, వంకాయలు తోమినట్టు తోముతుంది. ఇదిగో, నీ పట్టీ కూడా మొదలెట్టాను. గోధుమ నూలు అయిపోవచ్చింది. మేయ్‌రోంగ్ ఇంకేదో రంగు వెతుకుతానంది."

అడిగేస్తే అయిపోయేది. మూడు మాటలు. కళ్లు మూసుకుని ఇచ్చే సెలవును కళ్లు తెరిచి దొంగిలించడమే కదా అనిపించింది షూచిన్‌కు. పోనీ దొంగిలించినా, ఇంకో రోజులో ఈ ఒంటి మీద తను మూడో చుట్టు కడగాలి. నొప్పి అనడానికి వీల్లేదు. అక్షరాలు నేర్పిన మనిషి, మొగుడు పోయినప్పుడు గది ఇచ్చిన మనిషి. ఈవిడను కూడా వట్టి నీళ్లతో పంపాలి.

"అమ్మా, నా మణికట్టుకు నొప్పి లేదు."

"తగ్గిందా?"

"ఎప్పుడూ లేదు." ఆమె పట్టీ ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. "నాలో నమ్మకం లేదమ్మా. దేవుడి మీద. పన్నెండేళ్లయింది పోయి."

పుల్లలు ఆగిపోయాయి. ఆహోంగ్ కళ్లద్దాల మీంచి చూసింది. ఆ చూపు ముందు షూచిన్ ఏభై ఎనిమిదేళ్ల మనిషి కాకుండా పోయింది.

"రోజూ నా వెనక నిలబడ్డావు కదే."

"నిలబడ్డాను."

"నిలబడి ఏమనుకునేదానివి?"

"మోకాళ్ల నొప్పి గురించి. బాయిలర్లో బొగ్గు గురించి. మీ గురించి."

ముసలావిడ జారిన బొంత పైకి లాక్కుంది. తరవాత గొంతు చిన్నది చేసి అడిగింది. "మా చెల్లెల్ని కడిగింది నువ్వే."

"చివరి చుట్టు ఫెంగ్షియా కడిగిందమ్మా. దానికోసమే ఆ నొప్పి. అందరికీ అలాగే చేశాను. అందరికీ చివర దాని చెయ్యే."

"అందరికీనా?"

అబద్ధానికి అలవాటుపడ్డ నోటికి అవునని చెప్పడం ఎంతసేపు! "ఒక్కరికి తప్ప. ఫెంగ్షియా వాళ్లమ్మకి. అప్పటికి నాకు ఉపాయం తట్టలేదు."

"దానికి తెలుసా?"

"తెలీదు. తెలియకే నాకు ఇన్నేళ్లుగా నీళ్లు పోస్తోంది."

ఆహోంగ్ అల్లికను బొంత మీద పక్కకు పెట్టేసింది. పుల్లల నుంచి వేలాడుతున్న గోధుమ నూలు జానెడే మిగిలి ఉంది. కళ్లద్దాలు తీసి మడత పెట్టింది.

"ఇప్పుడెందుకు చెప్పావు? మనశ్శాంతిగా పోనివ్వకూడదా నన్ను?"

"మిమ్మల్ని నేను కడగకూడదని."

"ఊఁ." ఆయాసం వచ్చి, తగ్గింది. "నువ్వు నమ్మనిది నాకు జరగాలని నీకెందుకే అంత తాపత్రయం?"

షూచిన్ ఊడదీసిన పట్టీని మొహానికి అదుముకుంది. తల వంచుకుని ఏడ్చింది. ఆహోంగ్ ఓదార్చలేదు, పొమ్మనలేదు.

"సెలవియ్యండమ్మా," అంది చివరికి.

"ఎలా ఇవ్వను? మా చెల్లెలి మాటైతే నేను వదలగలను. దానికైనా నేను ఆలోచించుకోవాలి. ఫెంగ్షియా తల్లి మాట నాది కాదు. ఒకరి తరఫున ఇంకొకరు సెలవివ్వడానికి లేదు. ఆవిడ మట్టిలో ఉంది, ఆవిడ కూతురు కూరల కొట్లో ఉంది." కళ్లు మూసుకుంది. "వెళ్లు. పొద్దువాలే నమాజు అయ్యాక రా. అప్పటికి నా మనసు కుదుటపడితే చెబుతాను. ఫెంగ్షియాని ఇటు పంపు."

షూచిన్ వాకిలి దాటి, మేయ్‌రోంగ్‌తో ఆ కబురు చెప్పి, నీళ్లగదిలోకి వచ్చి బాయిలరు ముందు కూర్చుంది. పన్నెండేళ్ల బరువు దిగితే తేలికగా ఉండాలి. ఉంది కూడా, ఒక రవ్వంత. పోయే ప్రాణం మీదికి తన బరువు తోసి తను తేలికపడినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. కొట్టు కట్టేసి ఫెంగ్షియా కంగారుగా తూర్పు గదికేసి పోవడం కిటికీలోంచి కనిపించింది. చెప్పేస్తుంది అమ్మ. చెప్పాలి కూడా. ఇంకొంచెం సేపట్లో ఆ మనిషి ఆ గుమ్మంలోంచి ఎలా బయటికి వస్తుందో ఊహించుకుంటూ, ఆ గుమ్మం వైపు చూడకుండా ఉండడానికి ఇంకో తట్ట బొగ్గు పోసింది.

పొద్దు వాలింది. పెద్ద మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఆడవాళ్లు వచ్చారు, చెంబులు దించుకున్నారు, వజూ చేసుకుని లోపలికి వెళ్లారు. వాళ్ల వెనకాల గచ్చు తుడిచి, షూచిన్ అక్కడే నిలబడిపోయింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి వరసలోకి వెళ్లలేదు. గోడ అవతల అందరూ ఒక్కసారిగా వంగిన చప్పుడు, బట్టల గరగర. వంగాలని ఆమె మోకాళ్లు కూడా అలవాటుగా కదిలాయి.

నమాజు ముగిసీ ముగియకముందే ఫెంగ్షియా వచ్చింది. మొహం ఉబ్బి ఉంది.

"తిరిగెళ్లిపోయిందక్కా," అంది. "నేను పక్కనే ఉన్నాను. దీపం తగ్గినట్టు తగ్గిపోయింది."

షూచిన్ చెక్క అర పట్టుకుంది. చెంబులు ఒకదానికొకటి తగిలి మోగాయి.

"ఏమైనా చెప్పిందా?"

"చెప్పింది. మూడు చుట్లూ నన్నే కడగమంది. నీ మణికట్టు పూర్తిగా పాడైపోయిందటగా? నాతో ఒక్క ముక్కైనా అనలేదేమే నువ్వు! ఇకమీదట ఎవరూ షూచిన్‌ని కడగమని అడగొద్దు, అది నీళ్లే పోస్తుంది, అందరికీ ఇది నా మాటగా చెప్పు అంది. ఊపిరాడక కొట్టుకుంటూ నీ చెయ్యి గురించి దిగులు పడింది చూడు ఆ మహాతల్లి!"

"ఇంకేం చెప్పలేదా?"

"ఇంకేం చెబుతుంది?"

జీవితంలో అబద్ధమాడి ఎరగని ముసలావిడ. పాఠంలో ఒక్క అక్షరం తప్పు పలికితే చెవి మెలిపెట్టే మనిషి. పోతూ పోతూ షూచిన్ అబద్ధాన్ని తన నోట్లో వేసుకుని పోయింది. ఆవిడ నమ్మిన చోట దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే.

దీపాలు పెట్టే వేళకు నీళ్లగది వెనక గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. రేపు పొద్దున్నే మట్టి. మూడు కొత్త చెంబుల్లో షూచిన్ తనే నీళ్లు తొరిపి, మోచెయ్యి తగిలించి చూసింది. ఫెంగ్షియా చేతికి గుడ్డసంచి తొడిగింది. దేవుడి పేరు చెప్పి ఫెంగ్షియా మొదలుపెట్టింది. షూచిన్ ధార తెగకుండా పోసింది. మోటు చెయ్యేమీ కాదు. ఆ చెయ్యి భుజం దగ్గర, చెవుల వెనక ఆగి ఆగి నడిచింది.

"మా అమ్మని నువ్వు కడిగినంత బాగా కడుగుతున్నానా?" అంది ఫెంగ్షియా ముక్కు ఎగబీలుస్తూ.

"అంతకన్నా బాగా."

"పో అక్కా. నీ చేతికి సాటా!"

ధార ఒక్క క్షణం పక్కకు జరిగి మళ్లీ కుదురుకుంది. మూడు చుట్లూ అయ్యాక తుడిచి, కర్పూరం అద్ది, కఫన్ తెల్లబట్ట చుట్టారు. వంటింట్లో మేయ్‌రోంగ్ వాళ్లు రేపటికి నూనె రొట్టెలు కాలుస్తున్న వాసన వచ్చింది. ఫెంగ్షియా చేతి సంచి ఊడదీసి, బల్ల పక్కన తడి గచ్చు మీదే కూలబడింది.

"అక్కా, ఇవాళ వీధిలో అందరం ఒకరికొకరం సెలవిచ్చుకున్నాం. మనిద్దరమే మిగిలాం. రేపెవరి వంతో! నేను నిన్ను నానా మాటలూ అన్నాను, నీళ్లు చల్లగున్నాయని సాధించాను. వదిలేసి సెలవియ్యి."

"ఇచ్చాను."

"నువ్వడుగు మరి."

చెప్పడానికి అదే వేళ. గదిలో మూడో మనిషి లేదు, ఉన్నావిడ తెల్లబట్టలో ఉంది. ఆహోంగ్ చెప్పకుండా వదిలేసింది తను చెప్పాలనే. ఇద్దామన్నా ఆవిడకు అధికారం లేని సెలవు ఇదే. షూచిన్ ఫెంగ్షియా మొహంలోకి చూసింది. ఆ మొహంలో తన తల్లి గురించి ఏ బెంగా లేదు. పన్నెండేళ్లుగా లేదు. చెబితే ఈ రాత్రి నుంచీ ఉంటుంది. ఆమె కోసమే చెప్పడం లేదని తనకు తను చెప్పుకుంది. అందులో నిజమెంతో, ఆ చూపు పోతుందన్న భయమెంతో ఆమెకే తెలియదు.

"నావల్ల ఏదైనా ఉంటే వదిలెయ్యి," అంది.

"ఇచ్చాను అక్కా. ఏదైనా సరే, ఎంతటిదైనా సరే," అని ఫెంగ్షియా ఆమె కుడి మణికట్టు పట్టుకుని, నొప్పి పుట్టకుండా మెల్లగా నిమిరింది. షూచిన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఫెంగ్షియా వెళ్లాక చెంబులు కడిగి బోర్లించింది. గచ్చు తుడిచింది. గుమ్మంలో మేయ్‌రోంగ్ నిలబడి ఉంది, చేతిలో ఏదో పట్టుకుని.

"ఇది నీకోసం అల్లుతోంది కదా పిన్నీ. పూర్తి కాలేదు. నువ్వెళ్లాక చాలాసేపు ఊరికే ఆనుకుని కూర్చుంది. ఫెంగ్షియా పిన్నితో మాట్లాడాక, నూలు కావాలని అడిగింది. గోధుమరంగు దొరకలేదు, నా పాత శాలువాది ఇచ్చాను. వద్దత్తయ్యా, ఆయాసపడతావంటే వినలేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అంటూనే..." మేయ్‌రోంగ్ తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

షూచిన్ దాన్ని ముట్టుకోలేదు. బాయిలరు వెలుతురు దాని మీద పడుతోంది. రెండు వేళ్ల వెడల్పున గోధుమరంగు, దాని మీద నాలుగు వరసలు ఆకుపచ్చ. నాలుగో వరస సగంలో అల్లిక కన్ను ఒకటి జారిపోయి ఉంది, పుల్లలు ఇంకా అందులోనే ఉన్నాయి.